బిజినెస్ క్లాస్ షాంపేన్.. లేబుల్ ఘనమే, గ్లాసులోకి వచ్చేసరికి ఎంత?

విమానం ఇంకా గేటు దగ్గరే ఉంటుంది. వెనక ఎకానమీలో బ్యాగులు పైన సర్దుకునే హడావుడి నడుస్తుంటే, ముందు బిజినెస్ క్లాస్‌లో ఎయిర్ హోస్టెస్ ట్రే పట్టుకుని సీటు సీటుకీ వస్తుంది. 'షాంపేనా, జ్యూసా?' అని అడుగుతుంది. టికెట్ మీద రెండున్నర, మూడు లక్షలు పెట్టిన ప్రయాణికుడికి విమానయాన సంస్థ ఇచ్చే మొదటి మర్యాద అదే.

మరి ఆ గ్లాసులో పోసేది నిజంగా మంచి సరుకేనా? లేక పేరు గొప్ప, ఊరు దిబ్బ వ్యవహారమా?

ఈ ప్రశ్న తాగేవాళ్లకు మాత్రమే సంబంధించింది అనుకుంటే పొరపాటే. గత కొన్నేళ్లుగా విమానయాన సంస్థలు బిజినెస్ క్లాస్ అమ్ముకోవడానికి వాడుతున్న పెద్ద ప్రచారాస్త్రాల్లో వైన్ లిస్ట్ ఒకటి. డెల్టా, యునైటెడ్ లాంటి అమెరికా సంస్థల దూర ప్రయాణాల్లో ఫస్ట్ క్లాసే లేదు. బిజినెస్సే అక్కడ పై తరగతి. దాంతో ఒకప్పుడు ఫస్ట్ క్లాస్‌లో జరిగిన సీసాల పోటీ ఇప్పుడు బిజినెస్‌లోకి దిగింది. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, సింగపూర్, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా వెళ్లే తెలుగువాళ్లు ఎక్కేది సరిగ్గా ఈ పోటీలో ముందున్న సంస్థల విమానాలే. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు 'కాళ్లు చాపుకుని పడుకుంటారు కదా' అని బిజినెస్ టికెట్ తీసే కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ల సంగతి చివర్లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

పేరులోనే ఉంది తేడా

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలియాలి. బుడగలు వచ్చే ప్రతి వైనూ షాంపేన్ కాదు. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో పండిన ద్రాక్షతో, అక్కడి పద్ధతి ప్రకారం, సీసాలోనే రెండోసారి పులియబెట్టి తయారుచేసిన దాన్నే ఆ పేరుతో అమ్మాలి. ఇటలీది అయితే ప్రొసెక్కో, స్పెయిన్‌ది అయితే కావా. మిగతావన్నీ స్పార్క్‌లింగ్ వైన్ కిందకే వస్తాయి. మెనూ కార్డులో 'షాంపేన్' అని ఉందా, 'స్పార్క్‌లింగ్' అని ఉందా అన్నది చూస్తే చాలు, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

షాంపేన్‌లోనూ మెట్లున్నాయి. ఏ ఏడాది పంట అన్నది రాయకుండా, రకరకాల ఏళ్ల వైన్లు కలిపి చేసేది నాన్ వింటేజ్. దీన్ని కనీసం 15 నెలలు నిల్వ ఉంచాలి. ఒకే ఏడాది పంటతో చేసే వింటేజ్‌కు కనీసం మూడేళ్లు. వీటన్నింటి పైన డామ్ పెరిన్యోన్, క్రూగ్ లాంటి పెద్ద పేర్లు ఉంటాయి. స్థూలంగా చెప్పాలంటే ఆ పెద్ద పేర్లు ఫస్ట్ క్లాస్‌కి, నాన్ వింటేజ్ బిజినెస్‌కి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫస్ట్ క్లాస్‌లో ఏళ్లపాటు డామ్ పెరిన్యోన్, క్రూగ్ రెండూ పోశారు. జపాన్ ఎయిర్‌లైన్స్ ఫస్ట్ క్లాస్‌కి సలోన్ అనే అరుదైన షాంపేన్ వల్లే ప్రపంచమంతా పేరొచ్చింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫస్ట్ క్లాస్‌లో లారెంట్ పెరియర్ వాళ్ల గ్రాండ్ సియెకల్ చాలాకాలంగా ఉంది.

ఇక్కడే ప్రచారంలో చిన్న మెలిక. ఎయిర్‌లైన్ ప్రకటనలో డామ్ పెరిన్యోన్ సీసా కనిపిస్తుంది. బిజినెస్ క్లాస్ టికెట్ కొన్నవాళ్లు అది తమకూ వస్తుందనుకుంటారు. ఎమిరేట్స్‌లో డామ్ పెరిన్యోన్ ఫస్ట్ క్లాస్ వాళ్లకే. బిజినెస్‌లో ఇచ్చేది అదే గ్రూపుకు చెందిన మోయెట్ అండ్ షాండాన్, వెవ్ క్లికో లాంటివి. అవేమీ తక్కువవి కావు. కానీ షాపులో చూస్తే డామ్ పెరిన్యోన్ ధర వాటికి మూడు నాలుగింతలు ఉంటుంది.

పైకి వెళ్తే నాలుక మారిపోతుంది

అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇంట్లో బ్రహ్మాండంగా ఉన్న వైన్ విమానంలో చప్పగానో, పుల్లగానో, వగరుగానో ఎందుకు అనిపిస్తుంది?

విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్నా లోపల గాలి పీడనం అంత తక్కువగా ఉండదు. 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఎలా ఉంటుందో అలా ఉంచుతారు. సులువుగా చెప్పాలంటే ఊటీ ఎత్తు. కొత్తగా వచ్చిన బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350ల్లో 6 వేల అడుగుల స్థాయిలో ఉంటుంది. దీనికి తోడు గాలిలో తేమ చాలా తక్కువ. 20 శాతం కూడా ఉండదు, చాలాసార్లు 10-12 శాతమే. రోహిణి కార్తెలో వడగాలికి నోరు ఎండిపోతుందే.. దాదాపు అలాంటి పొడిగాలి, కాకపోతే చల్లగా ఉంటుంది. ముక్కు లోపల తడి ఆరిపోతే వాసన పట్టడం కష్టం. రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. జలుబు చేసినప్పుడు ఏం తిన్నా గడ్డి తిన్నట్టు ఉండేది అందుకే.

దీని మీద 2010లో జర్మనీలో ఒక ప్రయోగం జరిగింది. లుఫ్తాన్సా కోసం ఫ్రౌన్‌హోఫర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పాత ఎయిర్‌బస్ ఏ310 ముందు భాగాన్ని పీడనం తగ్గించగలిగే పెద్ద గొట్టంలో పెట్టారు. అందులో మనుషుల్ని కూర్చోబెట్టి, తేమ తగ్గించి, ఇంజిన్ శబ్దం వినిపించి, భోజనం పెట్టారు. తేలిందేంటంటే ఉప్పు 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలుస్తున్నాయి. పులుపు, చేదు, కారం మాత్రం పెద్దగా తగ్గలేదు. నేల మీద టమాటా జ్యూస్ వైపు చూడనివాళ్లు కూడా విమానంలో దాన్ని ఎందుకు అడిగి తాగుతారో ఈ ప్రయోగం తర్వాతే బాగా అర్థమైంది.

2015లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు శబ్దం సంగతి విడిగా తేల్చారు. విమానంలో ఉండే దాదాపు 85 డెసిబెల్స్ హోరు చెవుల్లో ఉంటే తీపి తక్కువగా తెలుస్తుంది. టమాటా, పుట్టగొడుగు, సోయా సాస్ లాంటి వాటిల్లో ఉండే ఉమామీ రుచి మాత్రం ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. విమానంలో మన ఆవకాయ పొట్లం విప్పగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉండటానికి కేవలం ఊరి మీద బెంగే కారణం కాదన్నమాట. పులుపు, కారం రెండూ పైన కూడా గట్టిగా నిలబడతాయి.

ఇదంతా వైన్‌కి వర్తింపజేస్తే లెక్క తిరగబడుతుంది. రెడ్ వైన్‌లో పండు రుచి, తీపి వెనక్కి పోతాయి. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు ముందుకొస్తుంది. అంటే రెస్టారెంట్‌లో పది, పదిహేను వేలు పలికే, ఇంకా పూర్తిగా తయారవని, గట్టి వగరున్న బోర్డో సీసా గాల్లో నిరాశపరుస్తుంది. అదే ఆస్ట్రేలియా, అర్జెంటీనా, కాలిఫోర్నియాల నుంచి వచ్చే, ఎండ బాగా తగిలి పండిన, గుత్తంగా పండు రుచి ఉన్న మధ్యరకం ధర సీసా హాయిగా గొంతు దిగుతుంది. బాగా పాత వైన్లతో ఇంకో చిక్కు ఉంది. అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. విమానం కుదుపులకు అది పైకి లేచి గ్లాసు మొత్తం మసకబారుతుంది.

షాంపేన్‌ది మరో బాధ. సీసా లోపల ఐదారు వాతావరణ పీడనాల ఒత్తిడి ఉంటుంది. క్యాబిన్‌లో బయటి పీడనం నేల మీద ఉన్నదాంట్లో ముప్పావు వంతే. దాంతో మూత తీశాక గ్యాస్ త్వరగా వెళ్లిపోతుంది. సీసా చల్లగా ఉండి, అడిగినప్పుడే పోస్తే పర్వాలేదు. ముందే ఇరవై గ్లాసుల్లో నింపి గ్యాలీలో పెట్టి, అందరి కోట్లూ తగిలించాక తెచ్చిస్తే మాత్రం అది ఏ కంపెనీదైనా ఒకటే, సగం చచ్చిన షాంపేన్. పులుపు పైన బాగా నిలబడుతుంది కాబట్టి షాంపేన్‌కి సహజంగానే కొంత అనుకూలత ఉంది. కానీ ఆ పులుపుని బ్యాలెన్స్ చేసే తీపి, పండు రుచి తగ్గిపోవడంతో మరీ సన్నగా, ఘాటుగా ఉండే రకాలు నిమ్మరసం తాగినట్టు అనిపిస్తాయి. పాత ఏళ్ల వైన్లు ఎక్కువ పాళ్లలో కలిపి, నిండుగా చేసే చార్లెస్ హైడ్‌సిక్ లాంటివి సింగపూర్, ఖతార్ సంస్థల బిజినెస్ క్లాసుల్లో కనిపించడం ఊరికే జరిగింది కాదు. ధర పరంగా అది ఆకాశంలో ఏమీ లేదు. పనితీరు పరంగా మాత్రం సరైన ఎంపిక.

ఎవరు రుచి చూస్తారు? ఎక్కడ చూస్తారు?

పెద్ద సంస్థలన్నీ వైన్ ఎంపికకు నిపుణుల్ని పెట్టుకుంటాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ప్యానెల్‌లో ఆసియా నుంచి తొలి 'మాస్టర్ ఆఫ్ వైన్' అయిన జీనీ చో లీ, ఆస్ట్రేలియా నుంచి తొలి 'మాస్టర్ ఆఫ్ వైన్' మైకేల్ హిల్ స్మిత్ లాంటివాళ్లు ఏళ్లపాటు పనిచేశారు. లుఫ్తాన్సాకు 1998లో ప్రపంచ ఉత్తమ సొమెలియర్‌గా గెలిచిన మార్కస్ డెల్ మోనెగో చాలాకాలం వైన్లు ఎంపిక చేశారు. సొమెలియర్ అంటే వైన్ల ఎంపిక, వడ్డన తెలిసిన నిపుణుడు. లేబుల్ కనపడకుండా వందల సీసాలు రుచి చూసి వడపోస్తారు.

ఎమిరేట్స్ దారి వేరు. టెండర్ పిలిచి కొనడం కాకుండా, బోర్డోలో వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే ముందుగా కొనేసి, ఫ్రాన్స్‌లోని బర్గండీలో తన సొంత గోదాముల్లో ఏళ్ల తరబడి దాచిపెడుతుంది. ఆ సీసాల లెక్క లక్షల్లో ఉంటుంది. 2006 నుంచి ఈ ప్రోగ్రామ్ మీద వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టామని ఆ సంస్థ చెబుతోంది. వగరు తగ్గి మెత్తబడే దాకా ఆగి పోయడం అన్నది పైన చెప్పుకున్న సమస్యకు సరైన మందు. కాకపోతే అంత డబ్బు పదేళ్లు కదలకుండా కూర్చోబెట్టే స్థోమత ఎన్ని సంస్థలకు ఉంటుంది?

అవార్డుల సంగతి కూడా చూద్దాం. 'బిజినెస్ ట్రావెలర్' పత్రిక 1985 నుంచి 'సెల్లార్స్ ఇన్ ది స్కై' పేరుతో ఏటా ఎయిర్‌లైన్ వైన్లకు అవార్డులిస్తోంది. సంస్థలు తమ ఫస్ట్, బిజినెస్ క్లాస్ సీసాలు పంపుతాయి. జడ్జిలు లేబుల్ చూడకుండా మార్కులేస్తారు. గెలిచిన సంస్థ ఆ లోగోని ఏడాదంతా ప్రచారంలో వాడుకుంటుంది. ఇందులో గమ్మత్తు ఏంటంటే, ఆ జడ్జిలు కూర్చునేది నేల మీదే. మంచి గ్లాసు, సరైన చల్లదనం, నిశ్శబ్దమైన గది. ఆ అవార్డు సీసాలో ఏముందో చెబుతుంది. మధ్యధరా సముద్రం మీద, అర్ధరాత్రి రెండు గంటలకు, 14సీ సీటులో ఉన్నవాళ్ల గ్లాసులో ఏముందో చెప్పదు.

ఆ గ్లాసు సంగతి గ్యాలీలో పనిచేసేవాళ్ల చేతుల్లో ఉంటుంది. రెడ్ వైన్ బండిలో ఐస్ పక్కనే ఉండి గడ్డకట్టినంత చల్లగా వస్తుంది. చల్లదనానికి వగరు ఇంకా పెరుగుతుంది. వైట్ వైన్ ఏమో రెండో రౌండ్‌కి వచ్చేసరికి గోరువెచ్చగా ఉంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందిలో కొందరికి 'ఎయిర్ సొమెలియర్లు'గా శిక్షణ ఇవ్వడం ఈ కారణంతోనే. నిజానికి బిజినెస్ క్లాస్ వైన్ బాగుండాలంటే ఖరీదైన సీసా కన్నా, రెడ్ వైన్‌ని భోజనానికి అరగంట ముందే చల్లదనం నుంచి బయటపెట్టాలని తెలిసిన ఒక్క మనిషి ఎక్కువ ఉపయోగం. ఇది మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించదు.

ధర లెక్కలు చూస్తే..

యూరప్ షాపులో లారెంట్ పెరియర్ లా క్యువే లాంటి మంచి నాన్ వింటేజ్ షాంపేన్ 40-50 యూరోలు ఉంటుంది. సీసాకు ఆరు గ్లాసులు. ఒక ప్రయాణికుడు మూడు గ్లాసులు తాగినా అర సీసా, అంటే షాపు ధరలోనే 20-25 యూరోలు. మన డబ్బులో రెండు వేల చిల్లర. మూడు లక్షల టికెట్‌లో ఇది ఒక్క శాతం కూడా కాదు.

పైగా ఎయిర్‌లైన్ షాపు ధర పెట్టదు. అంతర్జాతీయ విమానాల్లోకి ఎక్కించే మద్యానికి సాధారణంగా కస్టమ్స్, ఎక్సైజ్ సుంకాలు ఉండవు. వేల కేసులు ఒకేసారి కొంటారు. షాంపేన్ కంపెనీలకు కూడా ఇది సరుకు అమ్మకం కన్నా ఎక్కువగా ప్రచారం కింద లెక్క. డబ్బున్న కస్టమర్ గంటల తరబడి కదలకుండా కూర్చుని, తమ సీసానే చూస్తూ ఉంటాడు. ఇంతకన్నా మంచి షోరూమ్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే రేటు బాగా తగ్గించి ఇస్తాయి. 2024లో డెల్టా తన బిజినెస్ క్లాస్‌లో టైటింజర్ షాంపేన్ మొదలుపెట్టినప్పుడు రెండు బ్రాండ్లూ కలిసి ప్రచారం చేసుకున్నది ఈ లెక్కతోనే. చిన్న రైతులు సొంతంగా తయారుచేసే మంచి షాంపేన్లు విమానాల్లో దాదాపు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. వాళ్ల దగ్గర అన్ని వేల కేసులు ఉండవు, అంత తగ్గించే స్థోమతా ఉండదు.

మన ప్రయాణికుడి కళ్లకు ఈ సీసా ఇంకా పెద్దగా కనిపించడానికి మరో కారణం ఉంది. దిగుమతి వైన్ మీద మన దేశంలో ఏళ్ల తరబడి 150 శాతం దాకా కస్టమ్స్ సుంకం ఉంది. ఆపైన రాష్ట్రాల ఎక్సైజ్. హైదరాబాద్ షాపులో ఆ సీసా మీద చూసిన ధర గుర్తు పెట్టుకుని విమానంలో గ్లాసు అందుకుంటే 'అబ్బో' అనిపించడం సహజం. ఎయిర్‌లైన్‌కి పడిన ఖర్చు అందులో చిన్న భాగమే.

మరి ఇంత తక్కువ ఖర్చులోనూ కోతలు ఎందుకు? 1980ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధినేత రాబర్ట్ క్రాండల్ సలాడ్‌లోంచి ఒక్కో ఆలివ్ కాయ తీసేయించి ఏడాదికి 40 వేల డాలర్లు మిగిల్చారని ఈ రంగంలో కథలు కథలుగా చెప్పుకుంటారు. సీసాకి ఒక్క యూరో తగ్గినా లక్షల సీసాల మీద లక్షల యూరోలు. బరువు కూడా ఖర్చే. ప్రామాణిక షాంపేన్ ఖాళీ సీసానే 835 గ్రాములు. 2010 దాకా అది 900 గ్రాములు ఉండేది, షాంపేన్ సంఘమే తగ్గించింది. నిండు సీసా కిలోన్నర దాటుతుంది. తాగినా తాగకపోయినా దాన్ని మోయడానికి ఇంధనం కాలుతుంది. అందుకే ఒక్కో విమానానికి ఎన్ని సీసాలు ఎక్కించాలన్నది లెక్కగట్టి ఎక్కిస్తారు. డిన్నర్ తర్వాత 'సారీ, షాంపేన్ అయిపోయింది' అన్న మాట అక్కడి నుంచే వస్తుంది.

కోత ఎప్పుడూ చెప్పి రాదు. షాంపేన్ స్థానంలో ప్రొసెక్కో వస్తుంది. పెద్ద సీసా బదులు 187 మిల్లీలీటర్ల చిన్న సీసా వస్తుంది. రెండు రెడ్ వైన్లలో ఒకటి మాయమవుతుంది. ఇంకొకటి చాలామంది గమనించనిది: గేటు దగ్గర ఇచ్చే గ్లాసు, గాల్లో ఇచ్చే గ్లాసు ఒకటే కాకపోవచ్చు. విమానం నేల మీద ఉండగా సుంకం కట్టని మద్యం తీయడానికి కొన్ని దేశాల చట్టాలు ఒప్పుకోవు, ఆ బండ్లకు సీల్ ఉంటుంది. దాంతో నేల మీద పన్ను కట్టిన చవక రకం పోస్తారు, లేదా జ్యూస్‌తో సరిపెడతారు. మొదటి గ్లాసు చూసి సంస్థ మీద తీర్పు ఇచ్చేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

షాంపేన్ మార్కెట్ కూడా ఈ మధ్య ఎగుడుదిగుడుగా ఉంది. కోవిడ్ తర్వాత 2022లో ఆ ప్రాంతం నుంచి దాదాపు 32.6 కోట్ల సీసాలు అమ్ముడయ్యాయి. 2024కి వచ్చేసరికి అది దాదాపు 27.1 కోట్లకు పడిపోయింది. అమ్మకాలు తగ్గినప్పుడు కంపెనీలకు ఎయిర్‌లైన్ ఆర్డర్ మరింత ముద్దొస్తుంది. అంటే ఇప్పుడు బేరం ఆడే బలం విమానయాన సంస్థల చేతిలో ఉంది. ఇలాంటి టైమ్‌లోనూ బిజినెస్ క్లాస్‌లో నాసిరకం పోస్తున్నారంటే అది డబ్బు లేక కాదు, పట్టింపు లేక.

ఎయిర్ ఇండియా ఎక్కడుంది?

2022 జనవరి 27న టాటా గ్రూప్ చేతికి తిరిగొచ్చాక ఎయిర్ ఇండియాలో ప్రయాణికుడికి తొందరగా కనిపించిన మార్పుల్లో మెనూ ఒకటి. ఏడాది తిరిగేలోపే అంతర్జాతీయ రూట్లలో ప్రీమియం క్యాబిన్ల వైన్ లిస్ట్ మారింది. లారెంట్ పెరియర్ లా క్యువే షాంపేన్, ఫ్రాన్స్, ఇటలీ వైన్లు చేరాయి. అదే 2022 చివర్లో పాత బోయింగ్ విమానాల క్యాబిన్ల కోసం ప్రకటించిన 40 కోట్ల డాలర్ల పని మాత్రం 2025లోనూ నడుస్తూనే ఉంది. సీటు మార్చాలంటే డిజైన్, సర్టిఫికేషన్, సప్లై చైన్, విమానాన్ని నెలల తరబడి హ్యాంగర్‌లో పెట్టడం.. ఇన్ని ఉన్నాయి. సీసా మార్చాలంటే ఒక ఒప్పందం చాలు. ఎయిర్‌లైన్లు తమ ఇమేజ్ మార్చుకోవాలనుకున్నప్పుడు వైన్ లిస్ట్‌తో ఎందుకు మొదలుపెడతాయో దీన్ని బట్టే అర్థమవుతుంది. మంచి వైన్ మంచి ప్రయాణానికి గ్యారంటీ కాదన్నదీ అర్థమవుతుంది.

దేశీయ విమానాల్లో మద్యం వడ్డించరు కాబట్టి హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా బిజినెస్ క్లాస్‌లోనూ మజ్జిగో, జ్యూసో. ఢిల్లీ నుంచి లండన్, న్యూయార్క్ వెళ్లే విమానంలోనే గ్లాసు చేతికొస్తుంది. 2022 నవంబర్‌లో న్యూయార్క్-ఢిల్లీ విమానం బిజినెస్ క్లాస్‌లో తాగిన మత్తులో ఒక ప్రయాణికుడు తోటి ప్రయాణికురాలి పట్ల అనుచితంగా ప్రవర్తించాడన్న కేసు దేశమంతా చర్చ అయింది. 2023 జనవరిలో డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత సంస్థ మద్యం వడ్డించే నిబంధనలను సవరించింది. ఎక్కువైందనిపిస్తే మర్యాదగా, కానీ గట్టిగా నిరాకరించాలని సిబ్బందికి చెప్పింది. వైన్ వడ్డనలో 'క్వాలిటీ' అనే మాటకి ఇది కూడా ఒక అర్థమే.

రెండో గ్లాసు, ఆ తర్వాతి నిద్ర

ఇక అమ్మానాన్నల సంగతి. 'విమానంలో మందు త్వరగా ఎక్కుతుంది' అని అందరూ అంటుంటారు. రక్తంలో ఆల్కహాల్ శాతం పైన ఎక్కువేమీ కాదు. సమస్య ఆక్సిజన్‌తో.

2024 జూన్‌లో 'థొరాక్స్' అనే వైద్య పత్రికలో జర్మనీ ఏరోస్పేస్ సెంటర్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉన్న 48 మంది ఆరోగ్యవంతుల్ని తీసుకున్నారు. కొందరిని మామూలు గదిలో, కొందరిని విమానం లోపలి పీడనం ఉన్న గదిలో నాలుగేసి గంటలు పడుకోబెట్టారు. ఒక రాత్రి ఏమీ తాగకుండా, ఒక రాత్రి రెండు గ్లాసుల వైన్‌కి సమానమైన మద్యం తాగి. నేల మీద, తాగకుండా పడుకున్నవాళ్ల రక్తంలో ఆక్సిజన్ దాదాపు 96 శాతం. విమానం పీడనంలో తాగి పడుకున్నవాళ్లకు అది 85 శాతానికి పడిపోయింది. గుండె నిమిషానికి 64 సార్లు కొట్టుకోవాల్సింది నిద్రలోనే 88 సార్లు కొట్టుకుంది. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకుని చూసుకున్నవాళ్లకు 85 అన్న అంకె ఏంటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

వీళ్లంతా కుర్రవాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు. అరవై ఐదేళ్ల వయసులో బీపీ, స్టెంట్, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్ల మీద ఈ ప్రయోగం చేయలేదు. కానీ బిజినెస్ క్లాస్‌లో జరిగేది అచ్చం ఇదే. భోజనంతో రెండు గ్లాసులు, ఆపైన సీటు మంచంలా చాపుకుని నిద్ర. ఎకానమీలో సరిగ్గా నిద్ర పట్టక మనిషి మేలుకునే ఉంటాడు, ఇక్కడ హాయిగా పడుకుంటాడు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలు ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం కావచ్చని, విమానాల్లో మద్యం వడ్డనపై పరిమితులు పెట్టే ఆలోచన చేయాలని ఆ పరిశోధకులు రాశారు.

ఆ గ్లాసు కాదంటే తప్పేమీ లేదు. ఇదే రంగంలో సౌదియా, కువైట్ ఎయిర్‌వేస్, రాయల్ బ్రూనై సంస్థలు మద్యం అసలు వడ్డించకుండానే బిజినెస్ క్లాస్ నడుపుతున్నాయి. మిగతా చోట్ల పుచ్చుకునే అలవాటు ఉన్నవాళ్లు మొదటి గ్లాసు భోజనంతో తీసుకుని, పడుకోవడానికి బాగా ముందే ఆపేసి, పక్కన నీళ్ల సీసా పెట్టుకోమని సిబ్బందిని అడగొచ్చు. ఏ సీసా తెరిచారో చూపించమనీ అడగొచ్చు. బిజినెస్ క్లాస్‌లో అది మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు.